దుమ్ము లాగే మిషను: మా షెడ్డుకు మేము ఎలా ఎంచుకున్నాము

(సమాఖ్య వార్షిక మహాసభలో కర్ర బొమ్మల సంఘం లీడరు మాట్లాడిన మాటలు)

మాకు పది నిమిషాలు ఇచ్చారు. పదిహేను అవుతుందేమో. భోజనాలు కొంచెం ఆలస్యమైతే తిట్టుకోకండి.

ఈ ఏడాది మా సంఘం ఏం కొన్నది అని అందరూ అడుగుతున్నారు. చీరలు కాదు, ఆవులు కాదు, కొత్త లేత్ కూడా కాదు. దుమ్ము లాగే మిషను కొన్నాము. "ఏటమ్మా, దుమ్ముకి కూడా మిషనా? సీపురు లేదా మీ ఇంట్లో?" అని నవ్విన వాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, వాళ్ళని చూస్తూనే చెబుతున్నాము. మన సమాఖ్యలో మరో రెండు మూడు ఊళ్ళలో కర్ర పని షెడ్లు ఉన్నాయి. కొందరు తలుపులు, కిటికీలు చేస్తారు, కొందరు పీటలు, చపాతీ కర్రలు చేస్తారు. వాళ్ళు కూడా కొనాలనుకుంటే కొట్టువాడు చెప్పిన మాట మీద కొనకుండా ఉండాలని ఇదంతా చెబుతున్నాము.

మాది ఏటికొప్పాక పని. అంకుడు కర్ర తెచ్చి, ఆరబెట్టి, ముక్కలు కోసి, లేత్ మీద తిప్పి, గరుకు కాగితం పట్టి, లక్క రంగు ఎక్కించి, మొగలి ఆకుతో మెరుగు పెడతాము. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఈ బొమ్మలే ఊరేగాయి. టీవీలో చూసి మేము కూడా చప్పట్లు కొట్టాము. ఆ బొమ్మ తయారయ్యేటప్పుడు పైకి లేచే దుమ్ము మాత్రం ఏ శకటం మీదా కనిపించదు కదా, అది మా ముక్కుల్లోనే ఉంటుంది.

మా సంఘంలో 11 మందిమి. షెడ్డులో పని చేసేది 7 గురం. 4 లేత్‌లు, ఒక గుండ్రం రంపం, ఒక శాండింగ్ డిస్కు ఉన్నాయి. పచ్చి కర్ర తిప్పేటప్పుడు చెక్కు పొరలు పొరలుగా, తడిగా వస్తుంది, కాళ్ళ దగ్గరే పడుతుంది. అది చూడటానికి పెద్ద కుప్ప గానీ పెద్దగా హాని చెయ్యదు. ఎండు కర్ర మీద గరుకు కాగితం పట్టినప్పుడు వచ్చేది వేరు. అది పిండి కన్నా మెత్తగా ఉంటుంది. కింద పడదు, గాల్లోనే తిరుగుతుంది. మేము పని ఆపి భోజనానికి కూర్చున్నా అది ఆగదు. ఇది కంటికి కనిపించదు కాబట్టి చాలా మంది నమ్మరు. నమ్మకపోతే ఒక పని చెయ్యండి. సాయంత్రం చీకటి పడ్డాక షెడ్డులో లైట్లన్నీ ఆపి ఒక టార్చి వెయ్యండి, వెలుతురికి పక్క నుంచి చూడండి. ఆ వెలుతురు గీతలో ఏం తిరుగుతోందో చూసిన రోజు మా వాళ్ళలో ఒక్కరూ ఆ షెడ్డులో అన్నం తినలేదు.

అసలు కథ మా సంఘంలో ఒక అక్క దగ్గుతో మొదలైంది. పేరు చెప్పము, ఆమె ఇక్కడే కూర్చున్నది. 14 ఏళ్ళుగా లేత్ పని. రాత్రిళ్ళు దగ్గు, తెల్లవారుజామున ఆయాసం. ఇంట్లో టీబీ అని భయపడ్డారు, కఫం పరీక్ష చేయిస్తే లేదన్నారు. ఒకచోట సిరప్పు, ఇంకోచోట ఇంకో సిరప్పు. ఏడాది పైనే అలా గడిచింది. చివరికి ఒక పెద్ద డాక్టరమ్మ గారు గొట్టంలోకి గట్టిగా ఊదించి పరీక్ష చేశారు, తర్వాత "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగారు. ఏడాదిలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కరే. ఉబ్బసం వచ్చిందని, దుమ్ము తగ్గకపోతే మందు వేసుకుంటున్నా తగ్గదని చెప్పారు. ఆదివారం, పండగ సెలవుల్లో దగ్గు తగ్గి, పని మొదలు పెట్టిన రోజు మళ్ళీ వస్తోందంటే పని వల్లనే అని గుర్తు పట్టమన్నారు. ఈ మాట మీరు కూడా గుర్తు పెట్టుకోండి. వడ్ల మిల్లులో, పిండి మిల్లులో పని చేసే అక్కలకు కూడా పనికొస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ మీద పరిశోధన చేసే సంస్థ ఒకటి ఉంది. అది 1995లోనే కర్ర దుమ్మును మనుషులకు క్యాన్సర్ తెచ్చే వస్తువుల మొదటి వరసలో చేర్చింది. ముక్కులోను, ముక్కు పక్క ఎముక గూళ్ళలోను వచ్చే క్యాన్సర్ అది. భయపెట్టడానికి చెప్పటం లేదు, అది అరుదే, ఏళ్ళ తరబడి పీలిస్తే వచ్చేది. ఉబ్బసం, ముక్కు దిబ్బడ, చర్మం దురద మాత్రం అరుదు కాదు. బ్రిటన్‌లో గట్టి కర్రల దుమ్ముకు ఒక హద్దు పెట్టారు: రోజు 8 గంటల పనిలో సగటున ఒక ఘనపు మీటరు గాలిలో 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మా షెడ్డు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. అంటే సుమారు 85 ఘనపు మీటర్లు. లెక్క కట్టి చూశాము, షెడ్డు మొత్తం గాలిలో పావు గ్రాము దుమ్ము తేలుతుంటే ఆ హద్దు వచ్చేసినట్టే. పావు గ్రాము అంటే కూరలో వేసే చిటికెడు పసుపు. మా శాండింగ్ డిస్కు ఎన్ని చిటికెలు లేపుతుందో మీరే ఊహించుకోండి.

ఇక డబ్బు సంగతి. దసరా అమ్మకాల తర్వాత మా దగ్గర 60,000 రూపాయలు మిగులు ఉంది. అందరి మనసులో ఉన్నది అయిదో లేత్. ఇంకో లేత్ వస్తే ఇంకో మనిషికి పని, ఆర్డర్లు తొందరగా పోతాయి. సమావేశంలో దుమ్ము మిషను మాట తెస్తే గొడవే అయ్యింది. "అది బొమ్మ సేస్తాదేటి? రూపాయి తెస్తాదా?" అని మా పెద్దమ్మ ఒకామె లేచింది. ఆమె మాట తీసెయ్యదగ్గది కాదు. అప్పు తీర్చాల్సిన ఇంట్లో ఆడది అలాగే అడుగుతుంది. దానికి జవాబుగా మేము లెక్క పుస్తకం తీశాము. దగ్గు అక్క ఏడాదిలో ఎన్ని రోజులు పనికి రాలేదో హాజరు చూస్తే 61 రోజులు. మందులకు, బస్సులకు, పరీక్షలకు సంఘం నుంచి ఆమె తీసుకున్న చిన్న అప్పులు 3. ఇంకో ఇద్దరికి కళ్ళ మంట, ముక్కు దిబ్బడ. ఉన్న 4 లేత్‌లలో ఒకటి సగం రోజులు ఖాళీగా ఉంటుంటే అయిదోది కొని ఎవరిని కూర్చోబెడతాము? పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే సరిగ్గా సూసి కొనండి, నా డబ్బు కూడా ఉందందులో" అన్నది. తీర్మానం రాసుకున్నాము. సరిగ్గా చూడటానికి రెండు నెలలు పట్టింది.

చూడటం మొదలు పెట్టాక తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే, ఇవి రెండు జాతులు. ఒకటి ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ లాంటిది, కొంచెం పెద్దది. సన్న గొట్టం, గట్టి పీలుడు, కానీ లాగే గాలి తక్కువ. చేత్తో పట్టుకొనే శాండర్‌కి, డ్రిల్లుకి, చిన్న రంపానికి దాన్ని తగిలిస్తే బాగా పని చేస్తుంది, ఎందుకంటే దుమ్ము పుట్టే చోటే గొట్టం ఉంటుంది. రెండోది పెద్ద ఫ్యాను, కింద ఒక సంచి, పైన ఒక సంచి ఉండేది. దాని పీలుడు అంత గట్టిగా అనిపించదు, చెయ్యి పెడితే "ఇంతేనా" అనిపిస్తుంది. కానీ నిమిషానికి లాగే గాలి చాలా ఎక్కువ, గొట్టం 4 అంగుళాలు ఉంటుంది. లేత్, గుండ్రం రంపం, రందా మిషను లాంటి వాటికి ఇదే కావాలి. తలుపులు చేసే సంఘం వాళ్ళు ఎక్కువ చేతి మిషన్లతో పని చేస్తారు కాబట్టి వాళ్ళకు మొదటి రకం చాలు, 10 వేల లోపల అయిపోతుంది. మేము తీసుకున్నదే అందరూ తీసుకోవాలని మేము అనము.

లేత్ దగ్గర చిక్కు ఏమిటంటే దుమ్ము నాలుగు వైపులా ఎగురుతుంది, మూత పెట్టడానికి వీల్లేదు. కొట్టువాడు "పెద్ద మిషను తీసుకోండమ్మా, గది మొత్తం లాగేస్తుంది" అన్నాడు. అలా లాగదు. దీపం ఊదితే మూరెడు దూరం నుంచైనా ఆరుతుంది కదా, అదే నోటితో గాలి పీల్చి దీపం ఆర్పి చూడండి, మీసం కాలేంత దగ్గరకు పోయినా ఆరదు. (మనకు మీసాలు లేవులెండి.) ఊదిన గాలి దూరం పోతుంది, పీల్చే గాలి పోదు. 4 అంగుళాల గొట్టం మూతి నుంచి 4 అంగుళాల దూరం వెళ్ళేసరికే లాగే వేగం పదో వంతుకు పడిపోతుంది. కొట్టులోనే దీన్ని పరీక్ష చేశాము. సంచిలో అగరవత్తుల కట్ట పెట్టుకొని వెళ్ళాము. మిషను ఆన్ చేయించి, వెలిగించిన వత్తిని గొట్టం మూతి దగ్గర నుంచి మెల్లగా వెనక్కి జరిపాము. పొగ ఎక్కడి దాకా గొట్టం వైపు వంగుతుందో, ఎక్కడ నిటారుగా పైకి పోతుందో చూస్తే చాలు, చదువు అక్కరలేదు. సంచిలో పొట్టు ఉంటే మాత్రం వత్తి దగ్గరకు తేకండి, ఖాళీ మిషనుతోనే చెయ్యాలి. ముగ్గురు కొట్టువాళ్ళలో ఒకాయన మమ్మల్ని చూసి నవ్వాడు, ఇంకొకాయన పూజకు వచ్చామనుకున్నాడు, మూడో ఆయన మాత్రం "ఇలా చూడాలని ఇన్నాళ్ళు నాకూ తెలీదు" అని రేటు కొంచెం తగ్గించాడు.

పెట్టె మీద రాసే అంకె గురించి కూడా చెప్పాలి. సీఎఫ్‌ఎం అని ఉంటుంది. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి లాగుతుందో ఆ అంకె. 1,200 అని రాసి ఉంటే 1,200 వస్తుందని కాదు. గొట్టం లేకుండా, సంచి లేకుండా, ఖాళీ ఫ్యాను తిరిగితే వచ్చే గాలి అది. పైపు తగిలించగానే తగ్గుతుంది, సంచికి దుమ్ము పట్టగానే ఇంకా తగ్గుతుంది. మనకు కావలసింది పైపులో గాలి వేగం. కర్ర పొట్టు పైపులో కింద కూర్చోకుండా సాగాలంటే గాలి నిమిషానికి సుమారు 4,000 అడుగుల వేగంతో పోవాలి. 4 అంగుళాల పైపులో ఆ వేగం రావాలంటే 350 సీఎఫ్‌ఎం కావాలి. రెండు లేత్‌ల దగ్గర ఒకేసారి లాగాలంటే 700. మేము 2 హెచ్‌పీ మిషను తీసుకోవడానికి ఈ లెక్కే కారణం. 1 హెచ్‌పీది 15 వేలు తక్కువకు వస్తుంది, ఒక్క మిషను ఉన్న షెడ్డుకు సరిపోతుంది.

సంచి దగ్గర మాత్రం అక్కలూ, చెవి ఒగ్గి వినండి. మిషనుతో పాటు ఇచ్చే మామూలు గుడ్డ సంచి 30 మైక్రాన్ల రకం అని చెప్పారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క. మన తల వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఊపిరితిత్తుల లోపలికి దిగే దుమ్ము 10 మైక్రాన్ల లోపలది. అంటే మామూలు సంచి పొట్టును పట్టుకొని, మనల్ని చంపే మెత్తటి దుమ్మును జల్లెడలా వదిలేస్తుంది. వదిలి ఊరుకోదు, ఫ్యాను జోరుతో గది అంతా చల్లుతుంది. నేల శుభ్రంగా కనిపిస్తుంది, గాలి మునుపటి కన్నా పాడవుతుంది. అలాంటి మిషను కొనడం కన్నా కొనకపోవడం నయం అని మా అభిప్రాయం. 1 మైక్రాన్ సంచి విడిగా అడగాలి, లేదా మడతలు మడతలుగా ఉండే డబ్బా ఫిల్టరు అడగాలి. మడతల్లో ఎక్కువ గుడ్డ పడుతుంది కాబట్టి గాలి సులువుగా పోతుంది, కానీ ధర ఎక్కువ. మేము 1 మైక్రాన్ సంచి తీసుకున్నాము. మామూలు సంచి కన్నా పెద్దది అడిగి తీసుకున్నాము, ఎందుకంటే సన్న నేత సంచి చిన్నదైతే గాలి బిగుసుకుపోయి లాగడం తగ్గుతుంది.

ఇంకో ఉపాయం కూడా ఉంది. చలి దేశాల్లో గది వెచ్చదనం పోతుందని మిషను గాలిని మళ్ళీ గదిలోకే వదులుతారు. మనకు ఆ బాధ లేదు. ఎండాకాలంలో గదిలోని వేడి బయటికి పోతే మంచిదే. అందుకని మిషనును షెడ్డు బయట, వెనక గోడ అవతల, రేకు చూరు కింద పెట్టి పైపు మాత్రం గోడలోంచి లోపలికి తెచ్చాము. సంచి దాటిన దుమ్ము ఏమైనా ఉంటే అది బయటికే పోతుంది, మోత కూడా బయటే. అలా పెట్టినప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి. మిషను లాగినంత గాలి ఏదో దారిన లోపలికి రావాలి కదా, తలుపులు కిటికీలు బిగిస్తే మిషనుకు గాలి దొరకదు.

బయట పెడితే పక్కింటి వాళ్ళ సంగతి చూసుకోవాలి. మా షెడ్డు వెనక ఒక బాలింత ఇల్లు, దండెం మీద ఎప్పుడూ పసిబిడ్డ గుడ్డలే. మాది మెత్తటి సంచి అని చెప్పినా ఆమె అత్తగారు నమ్మలేదు, నమ్మక్కర్లేదు కూడా. వారం రోజులు ఆ దండెం మీద ఒక నల్ల గుడ్డ ఆరేసి రోజూ చూద్దామన్నాము. గుడ్డ మీద పొట్టు రాలేదు. మోత గురించి మాత్రం ఆమె మాటే నెగ్గింది. మిషను చుట్టూ మూడు వైపులా నడుం ఎత్తు ఇటుక గోడ కట్టాము, మధ్యాహ్నం 1 నుంచి 3 దాకా ఆపేస్తున్నాము. ఆ సమయంలో లోపల లక్క పని, మెరుగు పని చేసుకుంటాము. లక్క ఎక్కించేటప్పుడు ఎలాగూ దుమ్ము లేవదు.

పైపుల విషయంలో ముడతల గొట్టం ఎంత తక్కువ ఉంటే అంత మేలు. లోపల ముడతలకు గాలి తగిలి వేగం చచ్చిపోతుంది. కొట్టువాడు 30 అడుగుల ముడతల గొట్టం చుట్ట చూపించి "ఎటు కావాలంటే అటు తిప్పుకోండి" అన్నాడు. మేము బోరు పనివాళ్ళ కొట్టుకు వెళ్ళి మామూలు పీవీసీ పైపు తెచ్చాము, పెద్ద దారికి 160 ఎంఎం, కొమ్మలకు 110 ఎంఎం. ముడతల గొట్టం చివర రెండు అడుగులు మాత్రమే. కొమ్మ కలిసే చోట టీ జాయింటు వద్దు, గాలి గోడకు కొట్టుకొని ఆగుతుంది. వై ఆకారంలో వాలుగా కలపాలి. ప్రతి కొమ్మకు తెరిచి మూసే చిన్న రేకు గేటు ఉంటుంది. మేము ఎప్పుడూ రెండు గేట్లు తెరిచి ఉంచుతాము. ఒకటే తెరిస్తే పెద్ద పైపులో గాలి నెమ్మదైపోయి పొట్టు అడుగున పేరుకుంటుంది. నాలుగూ తెరిస్తే ఏ లేత్ దగ్గరా సరిగ్గా లాగదు. ప్లాస్టిక్ పైపులో పొట్టు రాసుకుంటూ పోతే చిన్న చిన్న షాకులు కొడతాయి, అందుకని లోపల ఒక రాగి తీగ నడిపి ఎర్త్‌కి కలిపించాము.

లేత్ వెనక మూతి మేమే చేయించాము. 15 కిలోల నూనె డబ్బా ఏటవాలుగా కోసి, అంచులు మడిచి, పైపుకు బిగించాడు మా రేకు పని తమ్ముడు. తిరిగే కర్రకు వెనక 4 అంగుళాల దూరంలో ఉంటుంది. చిన్న మూతలు, గిలకలు లోపలికి పోకుండా అరంగుళం కన్నాల జాలీ పెట్టాము. ఇంకా సన్న జాలీ పెడితే పచ్చి చెక్కు పొరలు చుట్టుకొని మూసుకుపోతుంది. ఒక్కో మూతికి అయిన ఖర్చు కొట్టులో అడిగిన దానిలో నాలుగో వంతు కూడా లేదు. మూతి దగ్గర కొంగు, జడ జాగ్రత్త. లేత్ ముందు కూర్చొనే వాళ్ళకు ఇది కొత్త మాట కాదు గానీ ఇప్పుడు వెనక నుంచి కూడా లాగేది ఒకటి వచ్చింది.

కరెంటు. 2 హెచ్‌పీ అంటే సుమారు 1,500 వాట్లు, కానీ మోటారు నష్టం కలిపి దాని కన్నా ఎక్కువే లాగుతుంది. రోజుకు 4 గంటలు నడిస్తే 7, 8 యూనిట్లు. ఆన్ చేసే క్షణంలో అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి దానికి విడిగా వైరు, విడిగా ఎంసీబీ వేయించండి. మామూలు ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి నడపకండి. సాయంత్రం ఓల్టేజి పడిపోయే ఊళ్ళయితే మోటారు వేడెక్కి కాలిపోతుంది, పని పగలే పెట్టుకోండి. బ్రష్షుల మోటారు వద్దు, ఇండక్షన్ మోటారు అడగండి. బరువు ఎక్కువ, అరుపు తక్కువ, చాలా కాలం వస్తుంది.

లెక్క చెప్పేస్తాము. మిషను 38,000. మెత్తటి పెద్ద సంచి 4,500. పైపులు, గేట్లు, మూతులు, వైరింగు, ఇటుక గోడ అన్నీ కలిపి 11,200. మొత్తం 53,700. మిగిలిన 6,300 లోంచి మాస్కులు కొన్నాము. పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు, బొమ్మలు చేసేవాళ్ళకు పనిముట్ల కోసం 15,000 దాకా ఇస్తారు, ఇంటికి ఒక్కరికే. ఇప్పుడు కొత్త పేర్లు రాసుకుంటున్నారో లేదో మీ వీఓఏని అడగండి.

మిషను వచ్చాక మాస్కు ఎందుకు అని మా వాళ్ళే అడిగారు. మిషను ఎంత మంచిదైనా మొత్తం లాగదు. గరుకు కాగితం పట్టేటప్పుడు ఎన్-95 మాస్కు పెట్టుకుంటున్నాము. కొంగు, చున్నీ, పురుషుల తువ్వాలు మెత్తటి దుమ్మును ఆపవు, ఎన్ని మడతలు వేసినా అంతే. పొడి చీపురు షెడ్డులో నిషేధించాము. లాగిన దుమ్మును పొద్దున్నే చీపురుతో మళ్ళీ లేపడం ఎందుకు? తడి గుడ్డతో తుడుస్తున్నాము. సంచి రెండు రోజులకు ఒకసారి ఖాళీ చేస్తాము, మాస్కు పెట్టుకొని, ఆరు బయట. పొట్టు ఇళ్ళలో పొట్టు పొయ్యిలకు పోతుంది. అయితే మెత్తటి దుమ్మును మాత్రం మండే పొయ్యిలో గుప్పెడు చల్లకండి, భగ్గుమని ముఖం మీదికి లేస్తుంది. షెడ్డు దగ్గర బీడీ కూడదు, ఉలి సాన పట్టే చోట మిషను గేటు మూసి ఉండాలి. సాన పట్టేటప్పుడు వచ్చే నిప్పురవ్వ పైపులోకి పోయి సంచిలో కూర్చుంటే రాత్రి ఎవరూ చూడని వేళ అంటుకుంటుంది.

ఇప్పటికి 7 నెలలు నడిచింది. సాయంత్రం టార్చి పరీక్ష ఇప్పటికీ చేస్తున్నాము. వెలుతురు గీత పూర్తిగా ఖాళీ అయ్యిందని చెప్పము, శాండింగ్ డిస్కు దగ్గర ఇంకా కనిపిస్తోంది, దానికి పెట్టె లాంటి మూత చేయించే పనిలో ఉన్నాము. దగ్గు అక్క మందు మానలేదు. డాక్టరమ్మ గారు లేత్ మీద కూర్చోవద్దనే అన్నారు. ఆమె చేతి పని తెలిసిన వాళ్ళకు అది ఎంత నష్టమో తెలుసు. ఇప్పుడు లక్క రంగులు, మెరుగు పని, కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలకు లేత్ నేర్పడం ఆమెవే, అదీ పక్కన నిలబడి, మాస్కుతో. హాజరు పుస్తకంలో ఈ 7 నెలల్లో ఆమెకు పడిన సెలవులు 9. పెద్దమ్మ నెల నెలా ఆ పేజీ తీసి చూస్తోంది. అయిదో లేత్ మాట వచ్చే దసరా తర్వాత మళ్ళీ ఎత్తుతానని కూడా అంటోంది, మేము కాదనము.

ఎవరైనా చూడాలనుకుంటే మా షెడ్డు ఆదివారం తప్ప రోజూ పొద్దున 9 నుంచి తెరిచే ఉంటుంది. వచ్చేటప్పుడు మీ షెడ్డు పొడవు, వెడల్పు, ఎత్తు, మిషన్ల దగ్గర నుంచి వెనక గోడకు ఎన్ని అడుగులో కొలిచి కాగితం మీద రాసుకొని రండి. పైపుల లెక్క కూర్చొని వేసుకుందాము. అగరవత్తులు మా దగ్గర ఉన్నాయి.